నల్లమ్మ సొమ్ములు

కృపాకుమారికి చెవులు కుట్టలేదు. పుట్టింటివాళ్లు రెండు తరాల నుంచీ విశ్వాసులు. వాళ్ల సంఘంలో ఆడవాళ్లు నగ పెట్టుకోరు. చేతికి గాజు గానీ, కాలికి పట్టీ గానీ ఆమె ఒంటి మీదికి ఏనాడూ రాలేదు. అలాంటి మనిషి నలభై మూడో ఏట నగలు చేయడం మొదలుపెట్టిందంటే, అత్తను ఒక పూట ఊరుకోబెట్టే దారి ఇంకొకటి దొరకకనే.

కొత్తచెరువుకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పంచాయతీలో ఆమె పారిశుధ్య పని చేస్తుంది. తెల్లవారి ఐదున్నరకు ఈల ఊదుకుంటూ మూడు చక్రాల బండి తోసుకుని బయలుదేరితే, మూడు వీధులూ కాలనీ తిరిగి పదింటికి ఊరి బయటి చెత్త షెడ్డుకు చేరుతుంది. అక్కడ తడి చెత్త తొట్టిలోకి పోతుంది, పొడి చెత్త ఏరి వేరు చేయాలి. తోడుగా సుబ్బలక్ష్మమ్మ అనే ఇంకొకామె ఉంటుంది. రేకుల షెడ్డు. మార్చి దాటితే ఆ రేకుల కింద నిలబడటం కష్టం. అయినా ఇద్దరూ నిలబడేవాళ్లు. మధ్యాహ్నం ఇంటికొస్తే ట్యాంకరు నీళ్లు పట్టుకోవాలి, వంట చేయాలి, అత్తను చూసుకోవాలి. భర్త శశికుమార్ బోరు బండి మీద పని చేస్తాడు. ఆ బండి కర్ణాటకలోనో తమిళనాడులోనో తిరుగుతూ ఉంటుంది. రెండు నెలలకొకసారి ఇంటికొచ్చి, ఉన్న నాలుగు రోజులూ నిద్రపోయి వెళ్లేవాడు. అతన్ని తప్పుపట్టడానికి కూడా ఆమెకు ఓపిక ఉండేది కాదు.

అత్త పేరు నల్లమ్మ. పన్నెండేళ్ల కిందట, భర్త పోయిన మరుసటి ఏడు, ఆమె బాప్తిస్మం తీసుకుంది. చెరువులో నీళ్లు లేక పాస్టరుగారు ఒక చీనీ బత్తాయి తోటలోని నీళ్ల తొట్టిలో ముంచారు. ఆ ఉదయం తన సొమ్ములన్నీ ఆమె తన చేతులతోనే తీసింది. కాళ్ల వెండి కడియాలు రాకపోతే సబ్బు రుద్దుకుని లాగింది. కడియాలు, జబ్బకు పెట్టే దండకడియం, మెడలోని గుండ్లపేరు, కమ్మలు, అన్నీ పాత రవిక గుడ్డలో మూటకట్టి కుందుర్పిలో కాపురముంటున్న కూతురు నాగలక్ష్మమ్మ చేతిలో పెట్టింది. "నాకింక వద్దు, నువ్వు పెట్టుకోమ్మా," అంది. అప్పుడు ఇంట్లో ఉన్నది తల్లి, కూతురు, కోడలు ముగ్గురే.

మూడేళ్ల కిందట నల్లమ్మకు మతిమరుపు మొదలైంది. మొదట పొయ్యి మీద పెట్టిన గిన్నె మరిచేది. తర్వాత అంగడికి పోయి ఇంటి దారి మరిచేది. ఆ తర్వాత భర్త చనిపోయిన సంగతి మరిచి, ఆయన కోసం సంగటి ముద్ద ఎత్తి పెట్టమనేది. చివరికి బాప్తిస్మం కూడా పోయింది. ఒకరోజు పొద్దున చెవి తడుముకుని కోడలి వైపు చూసింది.

"నా కమ్మలు యాడ?"

"నువ్వే తీసేస్తివి కదత్తా. బాప్తిస్మం నాడు."

"నేనెందుకు తీస్తా? నీకేం పిచ్చా? నా కడియాలు యాడ, నా దండకడియం యాడ?"

"అన్నీ నాగలక్ష్మి వదినకు ఇస్తివి. నీ చేతుల్తోనే ఇస్తివి."

"నా బిడ్డ మీదకి తోస్తాండావా? నువ్వే దోచుకున్నావు. నాకు తెలుసు."

ఆ రోజు నుంచి అదే మాట. కోడలు పనికి పోయాక ముసలామె గడప మీద కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషికీ తన సొమ్ముల జాబితా చెప్పి, కోడలు దొంగిలించిందని చెప్పేది. మతి సరిగా లేని మనిషి మాట అని అందరికీ తెలుసు. అయినా, అంత వివరంగా చెప్తూంటే ఎంతో కొంత నిజం ఉండకపోదనిపించేది. కృపాకుమారి పని ఇంటింటి గడప దగ్గర. ఆమె ఈల వినబడగానే కొందరు అరుగు మీది చెంబులు, గిన్నెలు లోపల పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. గిన్నెలు మాత్రం లోపలికి పోయేవి. ఆమె చూడనట్టు చెత్త తీసుకుని ముందుకు పోయేది.

"నువ్వు గట్టిగా చెప్పల్ల కృపమ్మా, ఆడబిడ్డ కాడ ఉండాయని," అంది సుబ్బలక్ష్మమ్మ ఒకరోజు షెడ్డులో.

"చెప్పినా. ఆడబిడ్డ మీదకి తోస్తాండాది అంటారు. ఎంతమందికని చెప్పేది, మూడు వీధులుండాయి."

ఆ ఏడే నాగలక్ష్మమ్మ తల్లిని చూడటానికి వచ్చింది. పక్కింటి ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. నల్లమ్మ కూతురి చేయి పట్టుకుని, "చూడమ్మా, నీ తమ్ముని పెండ్లాము నా ఒంటి మీద గుండు లేకుండా చేసింది," అని ఏడ్చింది. కృపాకుమారి చేతిలో మంచినీళ్ల చెంబుతో నిలబడి వదిన మొహం చూసింది. ఒక్క మాట చెప్తే చాలు. నాగలక్ష్మమ్మ తల్లి కన్నీళ్లు కొంగుతో తుడిచింది. తర్వాత తన సంచీ జిప్పు లాగి, "బస్సుకు టైమయింది," అంది. చెంబు కింద పెట్టి, కృపాకుమారి ఆమెను బస్సు దాకా సాగనంపింది. దారిలో ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

ఆ వేసవిలో ఒక చీనీ తోట ఎండిపోయింది. తోట యజమాని చెట్లు కొట్టించి, పాత డ్రిప్పు పైపులన్నీ తెచ్చి షెడ్డు పక్కన పారేశాడు. ఉడతలు కొరికిన నల్లటి పైపులు కుప్పగా పడ్డాయి. వాటికి అక్కడక్కడా డ్రిప్పర్లు గుచ్చి ఉన్నాయి. డ్రిప్పరంటే చెట్టు మొదట్లోకి చుక్కచుక్కగా నీళ్లు వదిలే బిళ్ల, గుండీ అంత ఉంటుంది. పైకి ఎర్రటి గుండ్రటి మూత, వెనక పైపులోకి గుచ్చుకునే ముల్లు. ఏరుతూ ఏరుతూ ఒకటి పీకి అరచేతిలో పెట్టుకుంది కృపాకుమారి. ఆమె చూసినంతలో కమ్మ అంటే అలాగే ఉంటుంది.

రెండు ఇంటికి తెచ్చి, సబ్బుతో తోమి, అత్త చెవికి పెట్టింది. ఏళ్ల తరబడి కమ్మల బరువుకు సాగిన రంధ్రం ఆ ముల్లును సులువుగా పట్టుకుంది. నల్లమ్మ తడిమి చూసుకుంది. ఆ మధ్యాహ్నమంతా చెవి పట్టుకుని కూర్చుంది. కృపాకుమారి చాప వేసుకుని గంటసేపు నిద్రపోయింది. పట్టపగలు అలా నిద్రపోయి ఎన్ని నెలలైందో ఆమెకు గుర్తు లేదు.

మర్నాడు పొద్దున నల్లమ్మ కమ్మలు పీకి నేల మీద పారేసింది.

"ఇవి నావి కాదు. నా కమ్మకు చుట్టూ చుక్కలు ఉండల్ల."

"ఎన్ని చుక్కలత్తా?"

"ఎనిమిది. నడుమ ఎర్ర రాయి." ముసలామె కోడలి మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "నువ్వు ఆచారి పెండ్లానివి కదా? బాగా చేయించమ్మా. మా ఇంట్లో ఒక దొంగది ఉండాది, నా కోడలు. దానికి అగపడకుండా తెచ్చియ్యి."

కృపాకుమారి నేల మీది కమ్మలు ఏరి కొంగున కట్టుకుంది. తర్వాత, "అట్లనేలేమ్మా," అంది.

అలా మొదలైంది. మధ్యాహ్నం పూట నల్లమ్మకు ఆమె కంసాలి ఇంటి ఆడమనిషి. పొద్దునా సాయంత్రం దొంగ కోడలు. ఈ రెండింటికీ ఆమె అలవాటుపడింది.

నగ ఎలా చేస్తారో ఆమెకు తెలియదు. మొదట పైపు ముక్కను పొయ్యి మీద కాల్చి వంచబోయింది. పొగ ఇల్లంతా కమ్మి ముసలామెకు దగ్గు పట్టింది, కృపాకుమారికి రెండు వేళ్లు కాలాయి. బొబ్బలు మానే దాకా ఆ చేత్తోనే చీపురు పట్టింది. తర్వాత నిప్పు మానేసి, మరిగే నీళ్లలో పైపు ముంచి, మెత్తబడ్డాక మెలిపెట్టడం నేర్చుకుంది. వెండి రంగుకు చిప్సు ప్యాకెట్లు కత్తిరించి, లోపలి మెరిసే వైపు పైకి వచ్చేలా సన్నటి పట్టీలుగా చుట్టింది. ఊళ్లో రెండు మగ్గాలున్నాయి. ధర్మవరం సావుకార్లకు చీరలు నేసే ఇళ్లు అవి. వాళ్ల చెత్తలో తెగిన జరీ పోగులు వచ్చేవి. పట్టీ ఊడకుండా ఆ పోగులతో బిగించేది. కొలతకు తన చేయి వాడేది కాదు. షెడ్డులో సుబ్బలక్ష్మమ్మ చేయి పట్టుకుని తొడిగి చూసేది.

"నీ చేతికే వేసి చూసుకోరాదా? ఎవురు చూస్తారు ఈడ?" అనేది సుబ్బలక్ష్మమ్మ.

"నీ చెయ్యి ఇయ్యి, ఊరికే మాట్లాడద్దు," అనేది ఈమె.

నల్లమ్మకు కోడలి మొహం గుర్తుండేది కాదు గానీ, అరవై ఏళ్లు ఒంటి మీద మోసిన సొమ్ముల్లో ఒక్క గీత కూడా మరుపుకు రాలేదు. మొదటి కడియం చూసి, "దీని మూతి ఇట్లనా ఉండేది? పాము పడగ మాదిరి ఉండల్ల. రెండు పడగలు ఎదురుబొదురు చూసుకోవల్ల," అని తోసేసింది. విరిగిన కుర్చీ కాలు ముక్క తెచ్చి, బండ మీద అరగదీసి, కాల్చిన సూదితో కళ్లు గీసి పడగలు చేసింది కృపాకుమారి. రెండోసారి, మెలికలు ఎడమకు తిరిగాయంది, కుడికి తిరగాలంది. మూడోసారి, నడిస్తే చప్పుడు రావాలంది. పైపు లోపల నాలుగు కందిగింజలు వేసి మూసింది. నాలుగోది సుమారుగా ఉంది గానీ సన్నం. ఐదోసారి నల్లమ్మ రెండు కాళ్లూ చాపి తొడిగించుకుని, లేచి గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచింది. గింజలు గలగలమన్నాయి.

"ఆ. ఇదీ నాది," అంది.

దీనికి నాలుగు నెలలు పట్టింది. కమ్మల మూతల చుట్టూ సూదితో ఎనిమిది చుక్కలు పొడిచి, గుండ్లపేరు, దండకడియం పూర్తి చేసేసరికి ఇంకో నాలుగు. పగలంతా చెత్తలో వంగిన నడుము, ఇంటికొచ్చి మళ్లీ పైపుల మీద వంగేది. కళ్లు మండేవి. చేస్తున్నప్పుడు సంతోషంగా ఉండేదా అని ఎవరైనా అడిగితే ఆమె ఆలోచించి, "ఆమె అరవకుండా ఉండేది కదా," అని మాత్రమే చెప్పేది. కానీ దండకడియానికి ఎవరూ అడగకపోయినా నీలం మూతల ముక్కలతో సన్నటి అంచు వేసింది. నల్లమ్మ దాన్ని వేలితో రెండుసార్లు తడిమి, వంక పెట్టకుండా ఊరుకుంది. ఆ రోజు కృపాకుమారి రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఆ శుక్రవారం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. పదిమంది ఆడవాళ్లు, పాస్టరు ప్రేమదాసుగారు వచ్చారు. గోడకానుకుని నల్లమ్మ కమ్మలు, గుండ్లపేరు, దండకడియం, కడియాలతో పెళ్లి పెద్దలా కూర్చుంది. పాట సగంలో ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు కృపాకుమారిని వాకిట్లోకి పిలిచారు.

"ఏందమ్మా ఇది?"

"ప్లాస్టిక్ అయ్యగారూ. చెత్తలోది."

"చెత్తలోదే. నగలే గదా."

"ఆమెకు బాప్తిస్మం గుర్తులేదు అయ్యగారూ. పొద్దున లేస్తే సొమ్ములు, సొమ్ములు అని ఒకటే ఏడుపు. నాకు చాతకాలేదు."

ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు. ఆనాడు నీళ్ల తొట్టిలో ఆమెను ముంచినది ఆయనే. "ఆమె మర్చిపోయినా దేవుడు మర్చిపోడులే," అన్నారు చివరికి. "ఉండనియ్యి. నువ్వు మాత్రం కొంచెం నిద్రపోమ్మా, మనిషి సగమైపోయినావు." సంఘంలో మాట రాకపోలేదు. ఆయన మాత్రం మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

ఊరి సచివాలయంలో పని చేసే గౌతమి పింఛను ఇవ్వడానికి వచ్చినప్పుడు ముసలామెను ఫోటో తీసింది. "అవ్వా, ఎవరు చేసినారు ఇవి?" అంటే, "ఆచారి పెండ్లాము," అంది నల్లమ్మ. గౌతమి అది తన ఫోన్లో స్టేటస్ పెట్టింది. చెత్తతో చేసిన నగలని కింద రాసింది. ఆ ఫోటో ఒకరి నుంచి ఒకరికి పోయి, వారం తిరక్కుండా కుందుర్పి చేరింది.

నాగలక్ష్మమ్మ చెప్పకుండా వచ్చింది. కళ్యాణదుర్గంలో, ధర్మవరంలో బస్సులు మారి, మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి, నీళ్లయినా తాగకుండా తల్లి ముందు కూర్చుంది. తల్లి కాళ్ల పైపు కడియాలు, వాటి పడగలు చూసింది. సంచీలోంచి పాత రవిక గుడ్డ మూట తీసింది. అందులో వెండి కడియాలున్నాయి. మిగతావి నాగలక్ష్మమ్మ కూతురి పెళ్లిలో కరిగిపోయాయి.

"ఇన్నాళ్లూ నోరు తెరిస్తే ఇవి కూడా అడుగుతారని భయపడినా కృపా," అంది తల వంచుకుని. "మా ఇంట్లో నాదని ఉన్నేది ఇవే."

నాగలక్ష్మమ్మ తల్లి పాదం ఒళ్లో పెట్టుకుని, ప్లాస్టిక్ కడియం తీసి వెండిది తొడిగింది. ఎముక తేలిన కాలు మీద అది జారి మడమకు కొట్టుకుంది. నల్లమ్మ మొహం చిట్లించింది.

"ఎవురివమ్మా ఇవి? ఇంత బరువు. కాలు నొస్తాంది, తియ్యి."

"నీవేనమ్మా. నీ పెండ్లి నాటివి."

"నావి నాకుండాయి. ఈయమ్మ చేసింది," అని నల్లమ్మ కోడలి వైపు గడ్డం ఎత్తి చూపింది. "పనిమంతురాలు. మా కోడలి మాదిరి కాదు."

ఆ మాటకు నాగలక్ష్మమ్మ ఏడ్చింది. కృపాకుమారికి ఏడుపు గానీ నవ్వు గానీ రాలేదు. వీధి చివర ట్యాంకరు హారన్ వినబడి బిందెలు తీసుకుంది. నాగలక్ష్మమ్మ కూడా ఒక బిందె పట్టుకుని వెంట వచ్చింది. ట్యాంకరు దగ్గర ముప్పైమంది ఆడవాళ్లున్నారు. బిందె కింద పెట్టి ఆమె, ఎవరూ అడగకుండానే చెప్పింది.

"మా అమ్మ సొమ్ములు పన్నెండేండ్ల కిందట్నే నేను తీసుకపోయినా. కృపకు దాంట్లో ఏమీ లేదు. నేను చెప్పకపోయింది నా తప్పు."

ఒకామె, "పోనీలేమ్మా," అంది. ఎవరో బిందె జరిపారు. రెండేళ్లుగా ఈ మాట కోసం ఎదురుచూసింది కృపాకుమారి. విన్న రోజు గుండె తేలికవుతుందనుకుంది. తీరా విన్నాక, రెండో బిందె నిండింది, మూడోది పెట్టాలి అని తోచింది. అంతే. మర్నాడు పొద్దున ఈల ఊదినప్పుడు రెండో వీధిలో గిన్నెలు అరుగు మీదే ఉన్నాయి. వాటిని చూసుకుంటూ బండి తోసింది. కాళ్లు మాత్రం రోజూలాగే లాగాయి.

నల్లమ్మ పోయిన జనవరిలో చనిపోయింది. మూడు రోజుల జ్వరం. నాగలక్ష్మమ్మ ఈసారి ముందే వచ్చి, చివరి రెండు రోజులూ తల్లి పక్కనే ఉంది. ఒళ్లు కడిగేటప్పుడు కడియాలు, గుండ్లపేరు, దండకడియం తీసి పక్కన పెట్టింది కృపాకుమారి. చెవుల ఎర్ర డ్రిప్పర్లు మాత్రం తీయలేదు. సమాధి దగ్గర పాస్టరుగారు చూశారు. బైబిలు తెరిచి వాక్యం చదివారు. దండకడియం నాగలక్ష్మమ్మ అడిగి తీసుకుంది. శశికుమార్ మూడు రోజులుండి బోరు బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

తర్వాత కృపాకుమారి రెండు పగళ్లు నిద్రపోయింది. లేచి అన్నం తిని మళ్లీ పడుకుంది. మూడోరోజు పనికి పోతే, సుబ్బలక్ష్మమ్మ ఆమె వంతు వీధి కూడా ఊడ్చి పెట్టి ఉంది.

గౌతమి పుట్టపర్తిలో ఒక అంగడామెతో మాట్లాడి పెట్టింది. అక్కడికొచ్చే విదేశీయులు ఇలాంటివి కొంటారంది. పాము పడగల కడియాలు ఇరవై జతలు, ఒకే మాదిరివి కావాలంది అంగడామె. కృపాకుమారి ఆరు జతలు చేసింది. ఏడోది మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

"దుడ్లు బాగానే ఇస్తారంట గదా," అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఇస్తారు. ఒకటే మాదిరి ఇరవై నాతో కాదు. ఇది బాగలేదు, మళ్లీ చెయ్యి అని ఒకరు అనాల కదా."

ఆ ఆరు జతలూ ఇచ్చి, మిగతావి కుదరవని గౌతమితో చెప్పించింది. నెల రోజులు పైపుల జోలికి పోలేదు. చేతులు ఖాళీగా ఉండటం బాగుందనుకుంది గానీ, ఏరేటప్పుడు కళ్లు ఊరుకునేవి కావు. ఆకుపచ్చ సీసా అడుగు, దువ్వెన పళ్లు, టమోటా తోటల్లో పరిచే కవరు వెండి వైపు, ఇవన్నీ ఒక పక్కకు చేరేవి. ఒక మధ్యాహ్నం షెడ్డులోనే కూర్చుని వాటిని ఒక హారంగా గుచ్చింది. అది నల్లమ్మ చెప్పిన నగల్లో ఏదీ కాదు. దానికి పేరు లేదు. ఒక పక్క బరువుగా, ఇంకో పక్క పలుచగా ఉంది. సరిచేయాలనిపించలేదు. బాగుందో లేదో కూడా ఆమెకు తెలియలేదు. కిటికీ కడ్డీకి తగిలించి, చెత్త బస్తాలు కుట్టడానికి లేచింది.

తిరిగి వచ్చేసరికి అది సుబ్బలక్ష్మమ్మ మెడలో ఉంది. ఖాకీ కోటు మీద హారం వేసుకుని ఆమె తడి చెత్త తొట్టి కలబెడుతోంది.

"ఎట్లుండాది?" అని తల తిప్పకుండానే అడిగింది.

కృపాకుమారి దగ్గరికొచ్చి, బరువైన పక్కను కొంచెం భుజం మీదికి జరిపి, వెనక్కి జరిగి చూసింది.

"ఉండనియ్యి," అని, రెండో పార అందుకుంది.